రెండున్నరకు వంద గ్రాములు తక్కువ

మా చిన్నది పుట్టినప్పుడు తూకం 2 కేజీల 400 గ్రాములు చూపించింది. నర్సు ఆ అంకె చూసి, కార్డు మీద రాసి, ఆ తర్వాత నా వైపు తిరిగింది. "ఏమీ తినలేదామ్మా?" అంది. ఆ అడగడంలో కోపం లేదు, ఎగతాళీ లేదు. రోజుకు పదిమందిని అడిగే మాటే అయ్యుంటుంది. కానీ ఆ పూట నుంచి చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు పాప మొహం చూశారు, తర్వాత నా ఒళ్లు చూశారు. తక్కువ బరువు అని లెక్కేసే 2500 గ్రాముల గీతకు వంద గ్రాములు కింద పడినందుకు నా తొమ్మిది నెలల తిండి మీద విచారణ నడిచింది.

మొదటి ఐదు నెలలు నాకు నీళ్లు కూడా ఇమడలేదు. ఆ సంగతి చెబుతూనే ఉన్నాను, ఎవరూ రాసుకోలేదు. కార్డులో దానికి గడి లేదు మరి. అంతకు మూడేళ్ల ముందు పెద్దవాడు 3 కేజీల 200 పుట్టాడు. అప్పుడు తిన్నదీ నేనే. "ఎంత బాగా తిన్నావమ్మా" అని మాత్రం ఒక్కరూ అనలేదు.

నిద్ర లేని ఆ నెలల్లో పాపను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తిప్పుతూ చదవడం మొదలుపెట్టాను. గర్భిణులు తినాల్సిన పది పదార్థాలు, తినకూడని పది పదార్థాలు లాంటివి కాదు, అవి అప్పటికే కంఠతా వచ్చు. తల్లి తిన్నది బిడ్డ ఎదుగుదల దాకా అసలు ఎంత చేరుతుంది, చేరకపోతే మధ్యలో ఎక్కడ ఆగిపోతుంది అన్నది నాకు కావాలి. అలా వెతుక్కుంటూ పోయి కోతుల దగ్గర తేలాను. ఐదేళ్లయింది, ఇంకా అక్కడే ఉన్నాను.

కోతులే ఎందుకంటే, మనుషుల్లో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాబట్టడం కష్టం. కడుపుతో ఉన్నవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తిండి తగ్గించి చూద్దాం అని ఎవరూ అనలేరు, అనకూడదు. యుద్ధమో కరువో ఆ పాడుపని చేసిపెట్టినప్పుడు మాత్రం తర్వాత కూర్చుని లెక్కలు తీస్తారు. 1944–45 చలికాలంలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్ పడమటి వైపుకు ఆహారం రాకుండా అడ్డుకుంది. రోజుకు మనిషికి 400 నుంచి 800 కేలరీల రేషన్‌తో నెలలు గడిచాయి. చివరి నెలల్లో ఆ ఆకలికి చిక్కిన తల్లుల పిల్లలు దాదాపు 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. ఇది ఎవరైనా ఊహించేదే. మొదటి నెలల్లో ఆకలికి చిక్కి, ఆ తర్వాత తిండి దొరికిన తల్లుల పిల్లలు మాత్రం మామూలు బరువుతోనే పుట్టారు. తూకం దగ్గర ఎవరికీ అనుమానం రాలేదు. యాభై ఏళ్లు దాటాక చూస్తే గుండె జబ్బులు, ఊబకాయం వాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి.

అంటే ఒకే ఆకలి ఒకరి విషయంలో తూకానికి దొరికింది, ఇంకొకరి విషయంలో దొరకలేదు. ఇది చదివిన రోజున నాకు ఆ కార్డు మీద నమ్మకం పోయింది.

ఈ రంగంలో చాలాకాలం ఎలుకల మీద చూసినదాన్నే మనకూ అన్వయించేవారు. ఎలుక సంగతి వేరు. మూడు వారాల్లో పది పన్నెండు పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలన్నిటినీ కలిపి తూస్తే తల్లి బరువులో నాలుగో వంతు దాకా ఉంటాయి. మూడు వారాల్లో ఒంట్లో పావు వంతు కొత్తగా తయారుచేయాలంటే ఆ పూట తిన్నది ఆ పూట కడుపులోకి పోవాల్సిందే. అందుకే ఎలుకకు ప్రోటీన్ తగ్గిస్తే పిల్లలు వెంటనే చిన్నబోతాయి. రీసస్ కోతి ఐదున్నర నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది, అదీ అరకేజీ. రోజువారీ లెక్క తీస్తే చాలా చిన్న వాయిదా. 1970లలో కడుపుతో ఉన్న రీసస్ కోతులకు ప్రోటీన్ బాగా తగ్గించి చూసినప్పుడు, ఎలుకల్లోలాగా పిల్లల బరువు పడిపోతుందనుకున్నారు. అంతగా పడిపోలేదు.

అసలు కోతులు, చింపాంజీలు, ఒరాంగుటాన్లు, మనం, ఈ ప్రైమేట్ల కుటుంబమంతా నిదానస్తులం. 2014లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం, అంతే బరువున్న ఇతర క్షీరదాలు రోజుకు ఖర్చుచేసే శక్తిలో ప్రైమేట్లు దాదాపు సగమే ఖర్చు చేస్తాయి. తక్కువ ఖర్చు, నెమ్మది ఎదుగుదల, ఆలస్యంగా పిల్లలు, ఎక్కువ ఆయుష్షు. పాలూ అంతే. హుడెడ్ సీల్ అనే సముద్ర జంతువు బిడ్డకు నాలుగు రోజులే పాలిస్తుంది, ఆ పాలలో 60 శాతం దాకా కొవ్వే ఉంటుంది. మనిషి పాలలో కొవ్వు 4 శాతం చుట్టూ, ప్రోటీన్ 1 శాతం చుట్టూ. "నీళ్ల పాలు, అందుకే పిల్ల పట్టడం లేదు" అని నన్ను కూడా అన్నారు. ప్రైమేట్ పాలు నీళ్లగానే ఉంటాయండీ. తల్లిని అంటిపెట్టుకుని రోజంతా తాగే పిల్లకు, నెలల తరబడి, ఏళ్ల తరబడి తాగే పిల్లకు అవే సరిపోతాయి.

ఈ నిదానం వల్ల తల్లికి ఒక వెసులుబాటు దొరుకుతుంది. ఆ పూట తిండి లేకపోయినా నిన్నటి నిల్వ నుంచి ఇవ్వొచ్చు. కొవ్వు కరిగించి ఇస్తుంది, కండ కరిగించి ఇస్తుంది, తను తక్కువ కదిలి మిగిల్చి ఇస్తుంది. అందుకే పుట్టినప్పటి బరువు మామూలుగా ఉందంటే తల్లి బాగా తిన్నదని అర్థం కాదు, తన ఒంట్లోంచి తీసి కట్టిందని కావొచ్చు. తక్కువగా ఉందంటే ఆమె తినలేదనీ కాదు. కడుపులో బిడ్డకు పోషణ చేర్చే మాయ సరిగ్గా పనిచేయకపోయి ఉండొచ్చు, రక్తపోటు కావొచ్చు, ఏదైనా ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. ఆ అంకె డాక్టరుకు అవసరమే, కాదనను. తక్కువ బరువు బిడ్డను వెచ్చగా ఉంచాలి, పాలు పడుతున్నాయో లేదో గమనించాలి. దాన్ని తల్లి కంచం మీద తీర్పుగా చదవడం దగ్గరే నా గొడవ.

తల్లి ఒంట్లోంచి తీసి కట్టడంతో కథ సుఖాంతం అవుతుందా అంటే, కాదు. ఇక్కడ అమెరికాలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో బబూన్ల సంగతి చెప్పాలి, బబూన్ అంటే ఒక పెద్ద జాతి కోతి. అక్కడి ప్రైమేట్ పరిశోధన కేంద్రంలో కడుపుతో ఉన్న కొన్ని బబూన్లకు మామూలు మేత పెట్టారు. కొన్నిటికి అందులో 70 శాతమే పెట్టారు. పస్తులు పెట్టడం కాదు. నాలుగు మెతుకులు తినే చోట మూడు కంటే కాస్త తక్కువ తినడం, అంతే. ఇంట్లో ఎవరూ గమనించను కూడా గమనించని తేడా. సగం నెలలు నిండేసరికి పిండాలను చూస్తే బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే మాత్రం కణాల ఎదుగుదల, అల్లిక వేరుగా ఉన్నాయి. 2011లో ఈ ఫలితాలు బయటికి వచ్చాయి. అప్పటిదాకా "తిండి తగ్గినా మెదడుకు మాత్రం తల్లి లోటు రానివ్వదు" అని అందరం చెప్పుకునే ధీమా ఒకటి ఉండేది. నాకూ ఉండేది. ఆ మాత్రం తగ్గుదలకే మెదడు తప్పించుకోలేకపోయింది.

అలాంటి తల్లులకు పుట్టిన పిల్లలు పెరుగుతూండగా కూడా చూశారు. మూడున్నరేళ్లకే, అంటే ఇంకా ఈడు రాకముందే, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని లక్షణాలు మొదలయ్యాయి. ఐదారేళ్లకు, అంటే పడుచు వయసులో, గుండె స్కాన్‌లో వయసు మీరిన బబూన్ గుండె పోలికలు కనిపించాయి. తల్లి తగ్గించుకున్న ఆ 30 శాతం ఎక్కడికీ పోలేదు. ఒక్కో అవయవం దగ్గర ఒక్కో తేదీన బయటపడింది.

ఇదే పని మార్మోసెట్ల మీద చేస్తే ఫలితం పూర్తిగా వేరు. మార్మోసెట్ అరచేతిలో పట్టే చిన్న కోతి, మామూలుగా కవల పిల్లల్ని కంటుంది. దానికి గర్భం మధ్యలో మేత పావు వంతు తగ్గిస్తే చాలావరకు గర్భం నిలవలేదు, నెలలు నిండకముందే పోయింది. చిన్న ఒళ్లు, ఇద్దరు పిల్లలు, నిల్వ తక్కువ. అది వాయిదాలు కట్టదు, దుకాణం మూసేస్తుంది. బోన్లో బాగా మేపితే ఇంకో చిత్రం: ఒళ్లు చేసిన మార్మోసెట్‌కు అండాలు ఎక్కువ విడుదలై ముగ్గురేసి పుడతారు. తల్లికి ఉన్నవి రెండు చన్నులు. మూడో పిల్ల చాలాసార్లు బతకదు. ఎక్కువ తిండి ఎక్కువ బిడ్డల్ని ఇచ్చింది, ఎక్కువ ఎదుగుదలను ఇవ్వలేదు. ఒకదాని మీద తేలింది ఇంకొకదానికి అచ్చుగుద్దినట్టు సరిపోదని నేను అప్పుడప్పుడూ మర్చిపోతుంటాను. మార్మోసెట్ గుర్తుచేస్తుంది.

ఎక్కువ తిండి మాట వచ్చింది కాబట్టి, "ఇద్దరి కోసం తినాలి" అనే మాట సంగతి కూడా తేల్చేస్తాను. అమెరికాలోనే ఓరెగన్ కేంద్రంలో జపాన్ కోతులకు రెండు రకాల మేత పెట్టారు. ఒకదాంట్లో కేలరీల్లో 14 శాతం దాకా కొవ్వు నుంచి వస్తుంది, రెండోదాంట్లో 35 శాతం దాకా. రెండో మేత తిన్న తల్లుల పిండాల కాలేయంలో కొవ్వు మూడు రెట్లు తేలింది. ఆ మేత తిన్న తల్లుల్లో కొన్ని లావెక్కాయి, కొన్ని సన్నగానే ఉన్నాయి. పిండం కాలేయానికి ఆ తేడా తెలియలేదు. తల్లి సన్నగా ఉన్నా లావుగా ఉన్నా దాని కాలేయంలో కొవ్వు పేరుకుంది. కారణం తెలిస్తే జాలేస్తుంది. పిండానికి చివరి నెలల దాకా కొవ్వు దాచుకునే చోటంటూ పెద్దగా ఉండదు. వచ్చిపడే కొవ్వుకు గోదాము లేక కాలేయంలో దించేస్తుంది.

మరో ఫలితం నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. ఆ కొవ్వు మేత వల్ల మాయకు వెళ్లే రక్తప్రవాహం తగ్గింది. అంటే తల్లి ఎక్కువ తింటే బిడ్డకు దారి ఇరుకైంది. తక్కువ తిన్నా నష్టమే, ఎక్కువ తిన్నా నష్టమే అని తేలిగ్గా అనేయొచ్చు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. తల్లి నోటికీ బిడ్డ ఒంటికీ మధ్య గొట్టం లేదు. మధ్యలో మాయ ఉంది, అదొక జీవమున్న అవయవం, దానికి దాని సొంత లెక్కలు, సొంత కష్టాలు ఉన్నాయి. కాస్త ఊరట కలిగించే విషయం కూడా ఒకటుంది: గర్భం దాల్చే ముందు ఆ తల్లులను మామూలు మేతకు మార్చి చూస్తే, పుట్టబోయే పిల్లల కాలేయం పూర్తిగా కాకపోయినా కొంత మెరుగైంది.

పుట్టాక పాలు. కాలిఫోర్నియా డేవిస్ కేంద్రంలో రీసస్ తల్లుల పాలు పిండి పరీక్షించిన కేటీ హైండ్ రాతలు చదువుతూ ఒక రాత్రంతా మేలుకున్నాను. ఒకే మేత, ఒకే బోను, ఒకే వాతావరణం, అయినా పాలు ఒక్కలా లేవు. మగపిల్ల ఉన్న తల్లి పాలు చిక్కగా ఉంటే, ఆడపిల్ల ఉన్న తల్లికి పాలు పలచగా, కానీ ఎక్కువగా వచ్చాయి. తొలిచూలు తల్లులకు పాలు తక్కువ, వాళ్ల పాలలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువ. ఆ కార్టిసోల్ ఎక్కువున్న పాలు తాగిన పిల్లలు బరువు బాగానే పెరిగాయి. కాకపోతే బెదురు స్వభావంతో పెరిగాయి, ఆటలు తక్కువ, ధైర్యం తక్కువ. హైండ్ దీన్ని ఎలా అర్థం చేసుకుందంటే, పాలు తక్కువున్న ఇంట్లో పిల్ల గెంతులేస్తూ శక్తి ఖర్చు పెట్టకుండా ఎదుగుదలకు దాచుకోవాలి, ఆ కబురు పాలతోపాటే చేరుతోందని. పాలంటే తిండి ఒక్కటే కాదు, ఇంటి పరిస్థితి మీద ఒక సమాచారం కూడా. బరువు చార్టు అందులో సగమే చదవగలదు.

బరువు బాగా పెరగడం అంటే బాగా ఉండటం అనే నమ్మకం మీద నాకు అసలు దెబ్బ తగిలింది థాయ్‌లాండ్ అడవుల్లో. ఫు ఖియో అభయారణ్యంలో అస్సామీ మకాక్ కోతులను ఏళ్ల తరబడి వెంబడించి చూస్తున్నారు. అడవి కోతిని పట్టుకుని తూచలేరు కదా, అందుకని ఫోటో తీస్తారు. ఎంత దూరం నుంచి తీశారో కొలిచి, ఫోటోలో మోచేయి నుంచి మణికట్టు దాకా ఉన్న పొడవును లెక్కగడతారు. పిల్ల కొమ్మ పట్టుకుని చెయ్యి చాపిన ఒక్క క్షణం దొరకాలి. అలాంటి ఫోటోలు నెలనెలా కూడబెడితే ఎదుగుదల గీత వస్తుంది.

ఆ గీతల్లో తేలింది ఇదీ. తల్లి కడుపుతో ఉన్నప్పుడు అడవిలో పండు కరువైతే తల్లిలో ఒత్తిడి హార్మోన్లు పెరిగాయి. ఆ పిల్లలు చిన్నగా ఉండిపోతాయనుకుంటాం. అవి తోటి పిల్లలకంటే వేగంగా ఎదిగాయి! ఆ వేగానికి ఖరీదు వేరే చోట కట్టాయి. గెంతడం, వేలాడటం, కొమ్మ మీద నిలదొక్కుకోవడం లాంటి విద్యలు ఆలస్యంగా పట్టుబడ్డాయి. రోగనిరోధక శక్తి కూడా తగ్గింది. తర్వాత ఇదే బృందం 21 జాతుల క్షీరదాల మీద అప్పటిదాకా అచ్చయిన 700 పైచిలుకు అధ్యయనాలను పోగేసి చూసింది. కష్టం గర్భం తొలి రోజుల్లో వస్తే పిల్లల వేగం పెరగడం, చివర్లో వస్తే పాలు తాగే వయసులో వేగం తగ్గడం చాలా జాతుల్లో కనిపించింది. తల్లి మీద ఎక్కువకాలం ఆధారపడలేనని ముందే తెలిసిన పిల్ల తొందరపడి ఎదుగుతుందన్నది వాళ్ల వివరణ.

మా చిన్నది ఏడాది తిరిగేసరికి చార్టులో మధ్య గీతను దాటేసింది. అందరూ అభినందించారు, నా పాలు కూడా ఒక్కసారిగా చిక్కబడినట్టు మాట్లాడారు. నేను మాత్రం ఈ మకాక్ గీతలు తలుచుకుని టెన్షన్ పడ్డాను. కోతి గీత పట్టుకుని మనిషి పిల్ల మీద జోస్యం చెప్పకూడదని తెలుసు. తెలిసినా పడ్డాను. పిల్ల నడక ఎప్పుడు మొదలవుతుందా అని రోజూ చూశాను. పన్నెండు నెలలకు నడిచింది, పదమూడో నెలకు బీరువా ఎక్కే ప్రయత్నం చేసింది.

ఇక్కడ ఒక వాదన తరచూ ఎదురవుతుంది, నాకు మొదట్లో నచ్చింది కూడా. కడుపులో కరువు చూసిన బిడ్డ కరువుకు తగ్గట్టు తయారై పుడుతుంది, బయట కూడా కరువే ఉంటే దానికి లాభమే, బయట పుష్కలంగా ఉంటేనే చిక్కు అని. వినడానికి ప్రకృతి మీద గౌరవం పెరిగేలా ఉంటుంది. దీన్ని నిజంగా పరీక్షించగల చోట్లు చాలా తక్కువ. వాటిలో ఒకటి కెన్యాలోని అంబొసెలి. 1971 నుంచి జీన్ ఆల్ట్‌మన్, ఆమె తర్వాతి వాళ్లు అక్కడి బబూన్లను ఒక్కోదాన్నీ పేరుపేరునా, తరాల తరబడి రాసిపెడుతున్నారు. 2009లో అక్కడ ఘోరమైన అనావృష్టి వచ్చింది. ఆ వాదనే నిజమైతే, కరువు ఏట పుట్టిన ఆడ బబూన్లు ఈ కరువును మెరుగ్గా తట్టుకోవాలి. జరిగింది తలకిందులు. కరువులో పుట్టినవాటికే ఆ ఏడాది గర్భాలు మరీ తగ్గాయి. మంచి ఏట పుట్టినవి ఎక్కువ తట్టుకున్నాయి. చిన్నప్పటి కరువు వాటిని గట్టిపరచలేదు, బలహీనపరిచింది. కష్టపడి పెరిగినవాళ్లు కష్టానికి ఓర్చుకుంటారని మనుషుల గురించి చెప్పే మాట విన్నప్పుడల్లా నాకు అంబొసెలి గుర్తొస్తుంది.

ఆ అధ్యయనంలోనే మరో ముక్క ఉంది. కరువులో పుట్టినా, తల్లి గుంపులో పైస్థాయిది అయితే ఆ కూతుళ్లకు దెబ్బ అంతగా తగలలేదు. బబూన్ గుంపులో పైస్థాయి ఆడది మంచి చోట కూర్చుని తింటుంది, ఎవరూ లేపరు. కిందిస్థాయిది ఒక గడ్డిదుంప తవ్వుతుండగానే ఇంకొకటి వచ్చి నిలబడుతుంది, ఇది లేచి పోవాలి. చేతిలో సగం తవ్విన దుంప వదిలేసి పోయే ఆ తల్లిని "ఏమీ తినలేదామ్మా?" అని అడిగితే ఏం చెబుతుంది? తల్లి తిండి అని మనం అంటున్నది వాన, అడవి, గుంపు, హోదా అన్నీ కలిస్తే వచ్చేది. తల్లి ఇష్టం అందులో ఒక చిన్న పాయ. అక్కడే 2016లో వచ్చిన ఇంకో లెక్క చూస్తే, కరువు ఏట పుట్టడం, తల్లి హోదా తక్కువ కావడం, చిన్నప్పుడే తల్లి చనిపోవడం, వెంటనే తమ్ముడో చెల్లెలో పుట్టడం వంటి ఇబ్బందులు ఆరింట్లో మూడు, అంతకుమించి పడిన ఆడ బబూన్లు, ఒక్క ఇబ్బందే పడినవాటికంటే, అసలేదీ పడనివాటికంటే సుమారు పదేళ్లు ముందే చనిపోయాయి. బబూన్ జీవితంలో పదేళ్లంటే చిన్న సంగతి కాదు.

బోర్నియో ఒరాంగుటాన్లది ఇంకా విచిత్రమైన కథ. ఆ అడవుల్లో కొన్నేళ్లకొకసారి చెట్లన్నీ ఒక్కసారే విరగకాస్తాయి, ఆ తర్వాత నెలల తరబడి ఏమీ ఉండదు. అక్కడి గునుంగ్ పాలుంగ్ అడవిలో పరిశోధకురాలు షెరిల్ నాట్ లెక్కగట్టిన ప్రకారం, ఆడ ఒరాంగుటాన్ పండ్ల కాలంలో రోజుకు 7 వేల కేలరీలకు పైగా తింటే, పండ్లు లేని కాలంలో 2 వేలకు లోపే. మూత్రంలో కీటోన్లు కనిపించాయి, అంటే ఒంట్లో కొవ్వు కరిగించుకుని బతుకుతోంది. (ఆ మూత్రం పట్టడానికి చెట్టు కింద నిలబడాల్సిన వాళ్లను తలుచుకుంటే నా ఉద్యోగం మీద గౌరవం పెరిగింది.) అలాంటి చోట పిల్లను ఎలా పెంచుతుంది? ఆ జవాబు పళ్లలో దొరికింది. పన్ను చెట్టు కాండంలాగా పొరలు పొరలుగా పెరుగుతుంది. పాలు తాగే రోజుల్లో ఆ పొరలో బేరియం అనే మూలకం ఎక్కువ చేరుతుంది, వేరే తిండి పెరిగితే తగ్గుతుంది. మ్యూజియంలో ఉన్న ఒరాంగుటాన్ పళ్లను కోసి చూస్తే బేరియం తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ, మళ్లీ తగ్గుతూ కొన్నిట్లో ఎనిమిదేళ్లు దాటేదాకా సాగింది. పండ్లు దొరికినప్పుడు పండ్లు, లేనప్పుడు మళ్లీ అమ్మ దగ్గరికి. తల్లి కూడా ఆ కరువులోనే ఉంది, అయినా ఆమె ఒళ్లే చివరి నిల్వ. ఏడెనిమిదేళ్లకొక్క బిడ్డే కంటుంది మరి.

ఇన్ని చదివాక నేను తేల్చుకున్నది ఒకటే. బిడ్డ ఎదుగుదలను నిర్ణయించే తిండిని తొమ్మిది నెలల్లో వెతకడం అంటే, పోగొట్టుకున్నది ఒకచోట అయితే దీపం ఉందని ఇంకోచోట వెతకడమే. తొమ్మిది నెలల్లో మనకు కార్డు ఉంది, తూకం ఉంది, అడగడానికి ఒక మనిషి దొరికింది, అందుకని అక్కడే వెతుకుతున్నాం. గ్వాటెమాలాలో నాలుగు పల్లెల్లో 1969 నుంచి 1977 దాకా చేసిన పనిని చూడండి. రెండు పల్లెల్లో పిల్లలకూ తల్లులకూ ప్రోటీన్ ఉన్న జావ ఇచ్చారు, మిగతా రెండిట్లో ప్రోటీన్ లేని తీపి పానీయం ఇచ్చారు. చిన్నప్పుడు ఆ జావ తాగిన ఆడపిల్లలు పెద్దయి, వాళ్లకు పిల్లలు పుట్టినప్పుడు ఆ పిల్లలు సగటున 116 గ్రాములు ఎక్కువ తూగారు. నాకు తక్కువైన వంద గ్రాములకు పదహారు గ్రాములు ఎక్కువ. ఎప్పుడో ఒక చిన్నపిల్ల తాగిన జావ పాతికేళ్ల తర్వాత ఇంకో బిడ్డ తూకంలో తేలింది. విస్కాన్సిన్‌లో రీసస్ కోతుల పాత రికార్డులు తిరగేసినా అదే: చిన్నగా పుట్టిన ఆడకోతి పెద్దయ్యాక చిన్న పిల్లల్నే కంటుంది, ఆ పోలిక తల్లి వైపు నుంచి తరాలుగా దిగుతుంది.

"అయితే కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నా ఫరవాలేదంటావా?" అని మా ఆడపడుచు అడిగింది. అనను. శాన్ ఆంటోనియో బబూన్లు చదివాక ఎవరూ అనలేరు. కడుపుతో ఉన్న మనిషికి కడుపునిండా మంచి తిండి అందాలి, అందులో బేరం లేదు. అందాలి అంటున్నాను, ఆమె తినాలి అనడం లేదు. ఈ రెండు మాటల మధ్య తేడా ఉంది. ఆరేళ్ల ఆడపిల్లకు, పన్నెండేళ్ల ఆడపిల్లకు, పాలిచ్చే తల్లికి, ఇంకో పదేళ్లకు గానీ తల్లి కాని అమ్మాయికి అందేదీ ఇదే లెక్కలోకి వస్తుంది. ఆ ఏళ్లలో ఆమెను ఎవరూ తూచరు, ఎవరూ అడగరు.

ఇంకా వెనక్కి పోవచ్చు. ఆడబిడ్డకు జీవితకాలానికి సరిపడా అండాలు తను తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారవుతాయి. అంటే మా చిన్నది ఏ అండం నుంచి వచ్చిందో, ఆ అండం మా అమ్మ నన్ను మోస్తున్న రోజుల్లో మా అమ్మ తిన్న తిండితో తయారైంది. అందుకని మొన్న అమ్మ వచ్చినప్పుడు అడిగాను, నేను పుట్టినప్పుడు ఎంత బరువున్నానని.

"ఎవరు తూచారే!" అని నవ్వింది.

ఆ ఏడు మాకు ఎలా గడిచిందో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, నేను నొక్కి అడగలేదు కూడా. కాసేపాగి, "ఇంతే ఉండేదానివి" అని తన ఎడం చెయ్యి చాపి, వేళ్ల దగ్గర నుంచి మోచేతి దాకా కుడిచేత్తో గీత గీసి చూపించింది. ఏం ఆట అనుకుందో, మా చిన్నది పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించి, ఎంతవరకు వచ్చిందో చూసుకుంది.